పక్క రాష్ట్రంలో ఆర్డిస్ ట్వెట్ ఇల్లు

ఆర్డిస్ ట్వెట్ ఇల్లెక్కడ అని వాల్బర్గ్‌లో ఎవరినైనా అడిగి చూడండి. ముందు మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఆ తరవాత ధాన్యం గిడ్డంగి దాటి, కంకర రోడ్డు మీద మూడు మైళ్లు వెళ్లి, నీలం కప్పు కొట్టం దగ్గర ఎడమకు తిరగమంటారు. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. పెళ్లయ్యాక భర్త మైలోయే తన బట్టలూ తుపాకీ సర్దుకుని ఆ ఇంటికి వచ్చాడు తప్ప ఆమె గడప దాటలేదు. దక్షిణ డకోటా మట్టిలో ఇంతగా పాతుకుపోయిన మనిషిని పట్టుకుని "నువ్వు అక్కడిదానివి కాదు" అనాలంటే చాలా ధైర్యం కావాలి. పక్క రాష్ట్రం పన్నుల శాఖకు ఆ ధైర్యం ఉంది.

ఆమె విమానాలు నడుపుతుంది. పందొమ్మిదో ఏట పొద్దుతిరుగుడు చేల మీద మందు చల్లే విమానానికి డ్రమ్ముల్లో మందు కలిపే పనికి చేరింది. ఇరవయ్యొకటో ఏట ఆ విమానమే తోలింది. తొమ్మిది వేసవులు కరెంటు తీగల కింద నుంచి దూరి వెళ్లింది. తరవాత పందొమ్మిది సీట్ల బుల్లి విమానాలు, ఆపైన పెద్ద కంపెనీ. పదకొండేళ్లుగా కెప్టెన్. కంపెనీ ఆమెను పక్క రాష్ట్రంలోని పెద్ద నగరానికి కేటాయించింది. అంటే ఆమె పని అక్కడ మొదలై అక్కడే ముగుస్తుంది. దాన్ని బేస్ అంటారు. బేస్ ఒక చోట, ఇల్లొక చోట ఉండడం పైలట్లలో సగం మందికి మామూలే. ఆర్డిస్ గంటన్నర కారు తోలి సూ ఫాల్స్ ఎయిర్‌పోర్టు చేరుతుంది, కాక్‌పిట్‌లో వెనకాల ఉండే మడత సీటు ఖాళీ ఉంటే అందులో కూర్చుని బేస్‌కు వెళ్తుంది, నాలుగు రోజులు దేశమంతా తిరిగి, మళ్లీ అలాగే ఇంటికి వస్తుంది. ఈ తంతు ఇరవై రెండేళ్లుగా సాగుతోంది.

విమానం పొద్దుట ఒక రాష్ట్రంలో లేచి సాయంత్రానికి అయిదింటిని దాటుతుంది. దారిలో ఉన్న ప్రతి రాష్ట్రమూ చెయ్యి చాస్తే పైలటుకు చొక్కా కూడా మిగలదు. అందుకే దేశం మొత్తానికీ ఒక చట్టం ఉంది. పైలటు జీతం మీద పన్ను వేసే హక్కు ఆ పైలటు నివాసం ఉన్న రాష్ట్రానిది, సగానికి మించి జీతం ఏ రాష్ట్రంలోనైనా సంపాదిస్తే దానిది, అంతే. ఆర్డిస్‌కు ఏ రాష్ట్రంలోనూ సగం దాటదు. దక్షిణ డకోటాలో ఆదాయపు పన్నే లేదు. కనుక పక్క రాష్ట్రానికి మిగిలింది ఒకే దారి: ఆర్డిస్ నివాసం తమ దగ్గరేనని తేల్చడం.

ఆ దారి తెరిచింది ఆర్డిసే. అదీ ఆమెకు కడుపు మంట.

పొద్దున్నే ఫ్లైటు ఉన్నా, మడత సీటు దొరక్కపోయినా పైలట్లకు బేస్‌లో తల వాల్చుకోవడానికి ఒక చోటు కావాలి. టెక్సాస్ నుంచి వచ్చే రూబెన్ ఒచోవా అనే పైలటు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఇలాంటి ఇంటిని వాళ్లు క్రాష్‌ప్యాడ్ అంటారు. అందులో తొమ్మిది మంచాలు, ఇరవై రెండు మంది పైలట్లు. ఏ మంచమూ ఎవరిదీ కాదు. ఎవరి దుప్పటి, ఎవరి దిండుగలీబు వాళ్లు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పెట్టె మీద పేరు అంటించి, కింద నేలమాళిగలో పేర్చుకుంటారు. వచ్చినవాళ్లు ఖాళీగా ఉన్న మంచం మీద తమ దుప్పటి పరుచుకుంటారు. వెళ్లేటప్పుడు తీసేసి పెట్టెలో కుక్కాలి. మరిచిపోయి దుప్పటి వదిలేశారో, ఆ దుప్పటి వాషింగ్ మెషీన్ మీద "మీ అమ్మ ఇక్కడ పనిచెయ్యదు" అనే చీటీతో కనిపిస్తుంది.

ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లడానికి ప్రతి పైలటుకూ ఒక డొక్కు కారు ఉంటుంది. ఆర్డిస్‌ది పందొమ్మిదేళ్ల గోధుమరంగు కారు, ఎడమ తలుపు లోపల నుంచే తెరుచుకుంటుంది. ఆ వీధిలో బండి నిలపాలంటే స్థానికుల పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేదని ఒకే చలికాలంలో రెండుసార్లు, మంచు తోసే రోజున నగరం వాళ్లు కారును లాక్కుపోయారు. రెండోసారి దాన్ని విడిపించుకునేసరికి ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఇంత గొడవెందుకు? బండిని ఇక్కడే రిజిస్టర్ చేయించుకో, పర్మిట్ వాళ్లే ఇస్తారు. మేమందరం అదే చేశాం," అన్నాడు రూబెన్.

"ఫారంలో ఈ రాష్ట్ర నివాసినేనా అని అడుగుతోందిగా?"

"ఆ గడిలో టిక్ పెట్టు తల్లీ. డొక్కు కారు కోసం నీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వేదెవడు?"

తవ్వారు. కారు కాగితాలు బండ్ల శాఖ నుంచి పన్నుల శాఖకు వెళ్లాయి. ఆ శాఖ వాళ్లు ఆమె పాత డ్యూటీ రోజులన్నీ తిరగేశారు. మూడేళ్లుగా ఆమె తమ నివాసేనని, మూడేళ్ల పన్నూ జరిమానా కట్టమని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం క్రాష్‌ప్యాడ్ చిరునామాకు వెళ్లింది. ఇరవై రెండు మంది తిరిగే ఇంట్లో ఉత్తరాన్ని పట్టించుకునేవాడెవడు? పిజ్జా కరపత్రాల కింద రెండున్నర నెలలు పడి ఉంది. ఒక రోజు రూబెన్ కాఫీ కప్పు కింద పెట్టుకోవడానికి దాన్ని లాగితే పేరు కనిపించింది.

ఆర్డిస్ ఫోను చేసింది. అవతల మార్సీ ఆల్డ్రిచ్ అనే ఆవిడ, ముప్పై దాటని గొంతు, వెన్న రాసినట్టు మాట్లాడింది.

"మేడమ్, మీరు కంగారు పడకండి. జరిమానా తీసేస్తాం, పన్నులో సగం కడితే చాలు. నేను పంపే ఒక్క కాగితం మీద సంతకం పెడితే ఫైలు మూసేస్తాను."

కాగితం వచ్చింది. వంటగదిలో గుడ్లు తింటున్న మైలో ముందు ఆర్డిస్ దాన్ని పెట్టింది. అతను కిందున్న అంకె చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంతేనా! వకీలు ఇంతకన్నా ఎక్కువ గుంజుతాడు. సంతకం పెట్టి పారెయ్యవే."

"డబ్బు సంగతి కాదు."

"డబ్బు సంగతి కాదని నువ్వన్నప్పుడల్లా మనకి కొత్త ట్రాక్టర్ వస్తుంది."

"వెటకారం ఆపి ఆ మూడో లైను చదువు."

మైలో కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. పై మూడు సంవత్సరాలలోనూ నా నివాసం ఈ రాష్ట్రంలోనే ఉన్నదని అంగీకరిస్తున్నాను, అని ఉంది.

"కాగితం మీద మాటేగా," అన్నాడు.

"మూడేళ్లూ నేనక్కడ కాపురమున్నానని రాసిస్తే, మరి ఇక్కడ నీ పక్కన పడుకుని నీ గురక విన్నదెవరంటావు?"

"నాకేం తెలుసు, నేను నిద్రపోతున్నానుగా," అన్నాడు మైలో. కానీ కాగితాన్ని మాత్రం ప్లేటుకు దూరంగా జరిపాడు, పచ్చసొన అంటకుండా.

ఆ లైను అంత బాధ పెట్టడానికి కారణం ఇల్లొక్కటే కాదు. ఆర్డిస్ తొమ్మిదేళ్లుగా వాల్బర్గ్ స్కూలు బోర్డులో సభ్యురాలు. బోర్డులో అయిదుగురు. ఆ మూడేళ్లలో ఆఖరి ఏడాది మే నెలలో, స్కూలు మూసేసి పిల్లల్ని ముప్పై మైళ్ల అవతలి ఊరికి బస్సులో పంపాలని తీర్మానం వచ్చింది. ఇద్దరు సరేనన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ మూడో చెయ్యి ఆర్డిస్‌ది. స్కూల్లో ఉన్నది డెబ్బై ఒక్క మంది పిల్లలు. స్కూలు పోతే ముందు కాఫీ హోటలు మూతపడుతుంది, తరవాత పోస్టాఫీసు, ఆ తరవాత వాల్బర్గ్ పేరు మ్యాపులో అచ్చుతప్పులా మిగులుతుంది. బోర్డులో కూర్చోవాలంటే ఆ ఊరి నివాసి అయి ఉండాలి. ఆ నియమం అందరికీ తెలుసు. వెండెల్ క్రాస్‌కు అందరికన్నా బాగా తెలుసు.

వెండెల్ ఆమెతో పాటే ఒకటో తరగతి చదివాడు. ఇప్పుడు రెండువేల ఎకరాల ఆసామి, బోర్డులో ఆమెకు ఎదురు కుర్చీ. చెడ్డవాడేమీ కాదు. స్కూలు పేరు చెప్పి తన పొలం మీద ఏటేటా పన్ను పెంచుతున్నారని అతని ఏడుపు. గిడ్డంగి ఆఫీసులో ఆర్డిస్ తెచ్చి పెట్టిన రేగుపండ్ల కూకెన్ అనే జర్మన్ కేకు ముక్క తింటూ అతనే కదిపాడు.

"పక్క రాష్ట్రం వాళ్లు నిన్ను తమ మనిషి అంటున్నారటగా?"

"మైలో నోట్లో నువ్వుగింజ నానదు కదా. అంటున్నారు. అయితే?"

"అయితే ఏముంది, నువ్వా కాగితం మీద సంతకం పెట్టావనుకో, బోర్డులో నీ కుర్చీ చెల్లదు. కుర్చీ చెల్లకపోతే ఆ మే నెల ఓటూ చెల్లదు. రెండుకి రెండు. నీ కుర్చీలోకి కొత్తవాళ్లొచ్చాక మళ్లీ తీర్మానం పెడతాను."

"ఎప్పట్నుంచి కాచుక్కూర్చున్నావురా?"

"మే నెల నుంచే."

"నేను తెచ్చిన కూకెన్ తింటూ నాకే గొయ్యి తవ్వుతున్నావన్నమాట."

"కూకెన్ బాగుంది. గొయ్యి వేరే సంగతి," అన్నాడు వెండెల్, ఇంకో ముక్క తీసుకుంటూ.

ఇంటికి వెళ్లి ఆర్డిస్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, అదే కవరులో పెట్టి, మార్సీ ఆల్డ్రిచ్‌కు తిప్పి పంపింది. విచారణ కావాలని వేరే చీటీ రాసింది. వకీలును పెట్టుకోలేదు. మైలో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆమె చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాడు.

ఆ చొక్కా వేసుకుని, విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకుని ఆమె విచారణకు వెళ్లింది. చేతిలో నీలం మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె. పన్నుల ఆఫీసు గుమ్మం దగ్గర కాపలావాడు మూత తీసి చూసి, ఆమెను చూసి, మళ్లీ మూశాడు. పదో అంతస్తులో ఒక చిన్న గది, అందులో పెద్దాయన ఒకరు, విచారణ అధికారి. పక్కన మార్సీ ఆల్డ్రిచ్, ముందు ఇంత మందాన ఫైలు.

మార్సీ మర్యాదగానే మొదలుపెట్టింది. "ఆఖరి ఏడాది మీరు మా రాష్ట్రంలో రెండువందల పదకొండు రోజులు ఉన్నారు మేడమ్. సగం ఏడాది దాటింది."

"ఆ రెండువందల పదకొండులో ఎన్ని రోజులు ఎయిర్‌పోర్టు గేటు దాటి బయటికొచ్చాను?"

"అది మేం చూడం. రోజులో ఒక్క నిమిషం కాలు పెట్టినా రోజు కిందే లెక్క."

"కాలు పెట్టలేదమ్మా, చక్రాలు పెట్టాను. నలభై నిమిషాల్లో జనాన్ని దింపి జనాన్ని ఎక్కించుకుని లేచిపోయాను. అది కాపురమైతే, మీ ఎయిర్‌పోర్టులో విమానం మారినవాళ్లంతా మీకు అల్లుళ్లే."

విచారణ అధికారి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"కానీ మీకు ఇక్కడ ఇల్లుంది. నెల నెలా అద్దె కడుతున్నారు," అంది మార్సీ.

"ఉంది. తెచ్చాను." ఆర్డిస్ పెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టింది. పెట్టె ముందువైపు టేపు మీద ట్వెట్ అని రాసి ఉంది. ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టింది. వెలిసిపోయిన పువ్వుల దుప్పటి. దిండుగలీబు. తువ్వాలు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు. కిటికీ తెర మూసి ఉంచే బట్టల క్లిప్పు. సగం అయిపోయిన వేరుశనగ వెన్న సీసా, దాని మీద "ఇది ట్వెట్‌ది, ముట్టుకుంటే వేళ్లు విరగ్గొడతాను" అని చీటీ.

"ఇదీ మీ రాష్ట్రంలో నా ఇల్లు," అంది ఆర్డిస్. "మంచం కూడా నాది కాదు. ముందొచ్చినవాడిది. రెండుసార్లు సోఫా మీద పడుకున్నాను, ఒకసారి స్నానాల తొట్లో. చూడండి, బాగా చూడండి. దీని మీద ఎంత వేస్తారో వెయ్యండి, చిల్లర జేబులోనే ఉంది."

విచారణ అధికారి సీసా తీసుకుని చీటీ రెండుసార్లు చదివాడు. "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే. ఇంకోటి. మీరు రాసిన ఉత్తరం ఆ చిరునామాలో రెండున్నర నెలలు పడుంది. నేనక్కడ కాపురముంటే అన్నాళ్లు పడుంటుందా? మా ఇంటికి రాసుంటే మర్నాడే మా పోస్టావిడ తలుపు కొట్టి, మీకు పన్నుల వాళ్లు రాశారే, ఏం చేశారేంటి అని అడిగుండేది."

అప్పుడు మార్సీ ఫైల్లోంచి కారు కాగితం బయటికి తీసింది. గదిలో నవ్వు లాంటిదేదో ఉంటే అది పోయింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"నివాసి అనే గడిలో టిక్?"

ఆర్డిస్ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్లుగా ప్రయాణానికి ముందు ప్రతి కాగితమూ చదివి సంతకం పెట్టే మనిషి ఆమె. డొక్కు కారు కోసం చూసీ చూడనట్టు పెట్టిన ఆ టిక్ అంటే ఆమెకు సిగ్గుగా ఉంది.

"నాదే," అంది. "అబద్ధమాడాను. మళ్లీ కారు లాక్కుపోతారని ఆడాను. దానికేం జరిమానా ఉందో వెయ్యండి, ఇక్కడే కడతాను. ఆ అబద్ధాన్ని నిజం చేస్తూ ఇంకో సంతకం పెట్టమంటే మాత్రం పెట్టను. ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు."

దుప్పటి మడిచి, అన్నీ పెట్టెలో సర్దుకుని లేచింది. తలుపు దగ్గర మార్సీ వెనకాలే వచ్చి, "మేడమ్, సీసా మరిచిపోయారు," అని చేతికిచ్చింది. ఆ పిల్ల ముఖంలో ఎగతాళి లేదు. అందుకు ఆర్డిస్‌కు ఇంకా చిరాకేసింది, మంచివాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం కనుక.

ఏడు వారాలకు తీర్పు వచ్చింది. ఈసారి సరైన చిరునామాకే. పోస్టావిడ హారన్ కొట్టి మరీ ఇచ్చింది. మైలో చింపి చదివి, పొలం నుంచి వస్తున్న ఆర్డిస్‌కు కాగితం ఊపుతూ ఎదురెళ్లాడు. మొదటి రెండేళ్లు కొట్టేశారు. కారు కాగితం మీద సంతకం ఉన్న ఆఖరి ఏడాది మాత్రం నిలిచింది. జరిమానా లేదు. కట్టాల్సింది ఏమంత కాదు.

సాయంత్రానికి ఊరంతా పాకింది. రూబెన్ టెక్సాస్ నుంచి ఫోను చేసి చెవులు చిల్లులు పడేలా అరిచాడు. "గెలిచావు! తొంభై శాతం గెలిచావు! ఆ ముక్క కట్టేసి బయటపడు. మేం కూడా కార్లన్నీ వెనక్కి మార్చేస్తున్నాం."

"ఏ ఏడాది నిలిచిందో చూశావా రూబెన్?"

"ఆఖరిది. అయితే?"

"నేను ఓటేసింది ఆ ఏడాదే."

మైలో కుర్చీలో వెనక్కి వాలాడు. అతనికి అప్పుడు తట్టింది. రెండేళ్లు వదిలేసి, అసలు ఏడాదినే పట్టుకున్నారు. వాళ్లకు ఈ ఊరి స్కూలు సంగతి తెలియదు, తెలిసినా వాళ్లకు పట్టదు. కానీ ఆ ఒక్క ఏడాది ఒప్పుకుంటే చాలు, వెండెల్ చేతికి తాళం చెవి ఇచ్చినట్టే.

"అప్పీలు ఎప్పటిలోగా చేసుకోవాలి?" అని మైలోయే అడిగాడు.

ఆ వారమే ఆమె అప్పీలు పంపింది. ఆ వారమే క్రాష్‌ప్యాడ్ నుంచి ఆ గోధుమరంగు కారును నాలుగున్నర గంటలు తోలుకుని ఇంటికి తెచ్చింది. నంబరు పలకలు ఊడదీసి పన్నుల శాఖకు పార్సిలు చేసింది. కారు కొట్టంలో పెట్టింది. ఇప్పుడందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. క్రాష్‌ప్యాడ్ నుంచి ఎయిర్‌పోర్టుకు ఆమె సిటీ బస్సులో వెళ్తుంది, కెప్టెన్ టోపీతో, నిలబడి.

సెప్టెంబరులో బోర్డు సమావేశం. ఆర్డిస్ ఆ మధ్యాహ్నమే సూ ఫాల్స్‌లో దిగి, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చింది. స్కూలు భోజనాల గదిలో కూర్చున్నారు. ఆ రోజు పిల్లలకు చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ల పులుసు, దాల్చినచెక్క రోల్ పెట్టారేమో, వాసన ఇంకా పోలేదు. ఎజెండాలో మూడో అంశం, స్కూలు మూసివేత గురించి పునరాలోచన. ప్రతిపాదించింది వెండెల్ క్రాస్. గోడల పొడవునా ఊరి జనం నిలబడి ఉన్నారు.

హాజరు పిలిచేది బెర్నడీన్ అనే గుమాస్తా. ముప్పై నాలుగేళ్లుగా ఆ పుస్తకం ఆమెదే. పేర్లు మొదలుపెట్టగానే వెండెల్ చెయ్యెత్తాడు.

"ఆర్డిస్ కేసు తేలేదాకా ఆమె పేరు పిలవకూడదు. ఆమె ఇక్కడ నివాసి కాదని ఒక రాష్ట్రం తీర్పు చెప్పింది. నా మాట కాదు, వాళ్ల మాట."

గదిలో గుసగుస లేచింది. బెర్నడీన్ కళ్లద్దాల మీదుగా అతన్ని చూసింది.

"వాళ్లు నాకు జీతమివ్వడం లేదు వెండెల్. పుస్తకంలో ఉన్న పేరు పిలవడం నా పని. ట్వెట్?"

"ఉన్నాను," అంది ఆర్డిస్.

"అప్పీలు ఓడిపోతే?" అన్నాడు వెండెల్. అతని మెడ ఎర్రబడింది.

"పై కోర్టుకి వెళ్తాను."

"అక్కడా ఓడిపోతే?"

"ఓడిపోతే అప్పుడు నువ్వే మా ఇంటికి వచ్చి, నువ్వీ ఊరిదానివి కాదు, కుర్చీ ఖాళీ చెయ్యి అని నా ముఖం మీద చెప్పు. కోర్టు వాళ్లని పంపకు, నువ్వే రా. దారి తెలుసుగా?"

"తెలియకేం! గిడ్డంగి దాటి మూడు మైళ్లు, నీలం కొట్టం దగ్గర ఎడమకి. యాభై ఏళ్లుగా వస్తూనే ఉన్నానుగా, ఇల్లు తెలియదా నీది?" అని కసిరాడు వెండెల్.

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత ఇంకొకరు. వెండెల్ తానేమన్నాడో అప్పుడు గ్రహించాడు. బెర్నడీన్ మాత్రం తల ఎత్తలేదు. అతని మాటలు పొల్లు పోకుండా పుస్తకంలో రాసుకుంటోంది.